పిల్లి ఎక్కని మేడ

కొవ్వూరులో సీతారామలక్ష్మి ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన, మనిషెత్తు చెక్కమేడ ఒకటి ఉండేది. మూడంతస్తులు. అంతస్తుకో గూడు, గూడుకో గుండ్రటి గుమ్మం, పైకెక్కడానికి కొబ్బరితాడు చుట్టిన లావాటి గుంజ. పై అంతస్తుకి బెత్తెడు పిట్టగోడ కూడా ఉంది, పడుకున్నవాళ్ళు దొర్లి కింద పడకుండా. ఇంతా చేసి అది పిల్లి కోసం. ఆ పిల్లి దాని మొహం చూసిన పాపాన పోలేదు.

పిల్లి పేరు మేనేజరు. ఆ పేరు పెట్టింది సీతారామలక్ష్మి భర్త భాస్కరం. ఇరవై ఎనిమిదేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాడు. “పనేమీ చెయ్యడు, వచ్చాడంటే అందరూ లేచి చోటివ్వాలి, ఇంకేం పేరు పెట్టమంటావు?” అన్నాడు. సరే, పేరు బాగానే కుదిరింది. ఆ పేరుగలవాడికి మూడంతస్తుల మేడ ఎందుకో, అదీ తన ముందుగదిలో ఎందుకో సీతారామలక్ష్మికి ఏడు నెలలుగా అర్థం కాలేదు.

ఆ మేడ నిలబడిన చోట నలుగురు పిల్లలు కూర్చోవచ్చు. కాస్త సర్దుకుంటే అయిదుగురు. ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా ఆవిడ చెబుతుంది. ఎందుకంటే ముందుగదిలో రోజూ సాయంత్రం అయిదింటి నుంచి ఏడింటి దాకా ఆవిడ పిల్లలకి హిందీ చెబుతుంది. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ఈ మూడు పరీక్షలకీ ఒకే గది, ఒకే బోర్డు, ఒకే గొంతు. ఫ్యాను కింద చోటు మధ్యమవాళ్ళది, గుమ్మం దగ్గర ప్రాథమికవాళ్ళది. గాలీ వెలుతురూ వచ్చే కిటికీ చోటు పిల్లిది. అక్కడ పిల్లి ఉండదు.

ఈ హిందీ సంగతి కాస్త చెప్పాలి. పెళ్ళై తణుకులో కాపురానికి వచ్చేనాటికి సీతారామలక్ష్మికి పంతొమ్మిదేళ్ళు, చేతిలో విశారద సర్టిఫికెట్టు. భాస్కరం పొద్దున్న తొమ్మిదింటికి వెళితే రాత్రికి వచ్చేవాడు. ఊరికే కూర్చోలేక నలుగురు పిల్లల్ని పోగుచేసి వసారాలో కూర్చోబెట్టి చెప్పింది. మూడేళ్ళకి వాళ్ళు ఇరవై మందయ్యారు. సరిగ్గా అప్పుడు మండపేట బదిలీ. మండపేటలో మళ్ళీ ముగ్గురితో మొదలు. అక్కడ కుదురుకునేసరికి అమలాపురం. ఆ తర్వాత రావులపాలెం, నిడదవోలు, ఆఖరికి ఈ కొవ్వూరు. ఎక్కడికక్కడ బోర్డు దించడం, పిల్లలకి వేరే మేష్టారి ఇల్లు చూపించడం, పెట్టేబేడా సర్దుకోవడం.

అమలాపురంలో అయితే రాష్ట్రభాష పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా బదిలీ వచ్చింది. సామాను ఎక్కించిన లారీ దగ్గరికి ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆవిడ లారీ చక్రం పక్కన నిలబడే వాళ్ళకి ఒక దోహా పద్యానికి అర్థం చెబుతుంటే, పైన డ్రైవరు పక్క సీట్లోంచి భాస్కరం “కానీ, కానీ, పొద్దెక్కిపోతోంది” అంటూనే ఉన్నాడు. దోహా సగంలో ఆగిపోయింది. ఆ పిల్లలు పాసయ్యారో లేదో ఇప్పటికీ ఆవిడకి తెలియదు.

అందుకని రెండువేల ఒకటిలో భాస్కరం వీఆరెస్ తీసుకుని ఇంటికొచ్చినప్పుడు బంధువులందరూ మొహాలు వేలాడేసుకుని పలకరించారు గాని, సీతారామలక్ష్మి లోపల్లోపల పండగ చేసుకుంది. ఇంక బదిలీల్లేవు. మేస్త్రీని పిలిచి ముందుగది గోడకి సిమెంటుతో నల్లబోర్డు కట్టించేసింది. ఊడదీద్దామన్నా రాదు. యాభై ఏళ్ళు దగ్గరపడుతుంటే, తన క్లాసు ఒక ఊళ్ళో పాతుకుంటుందన్న ధైర్యం ఆవిడకి మొదటిసారి వచ్చింది.

బదిలీలైతే పోయాయి గాని, భాస్కరం ఇంట్లో పడ్డాడు. మొదటి నెల వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అతికించాడు. పప్పు డబ్బా మీద ‘పప్పు’ అని. ముప్పై ఏళ్ళుగా ఆవిడ కళ్ళు మూసుకుని తీసే డబ్బాలు. రెండో నెల క్లాసులో ఓ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని పిల్లల రాతలు దిద్దడం మొదలుపెట్టాడు. ఆయనకి హిందీ రాదు. అక్షరాలు గుండ్రంగా లేవని దిద్దేవాడు. ఇద్దరు పిల్లలు మానేస్తామన్నారు. మూడో నెల ఆవిడ ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వచ్చి “ఇప్పుడేం చేస్తున్నావు?” అని అడగడం. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

కూతురు అలేఖ్య కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఫోనులో మొర పెట్టుకుంటే, “నాన్నని ఏమీ అనకమ్మా, పాపం, అలవాటు పడాలిగా” అంది. అందరిదీ ఇదే మాట. అలవాటు పడటానికి ఆయనకి ఎన్నాళ్ళైనా ఇస్తారు.

ఆ వానాకాలంలోనే పిల్లి వచ్చింది. తడిసి ముద్దై వచ్చి, వెచ్చగా ఉందని టీవీ మీదికెక్కి పడుకుంది. ఆ టీవీలోనే ఒకరోజు ఏదో దేశంలో పిల్లులు మేడలెక్కి ఆడుకుంటుంటే భాస్కరం చూశాడు. చూసిన మర్నాడే గోదావరి గట్టు మీదికి వెళ్ళి యెహెజ్కేలుని తీసుకొచ్చాడు. యెహెజ్కేలు పడవలు చేసే వడ్రంగి. పడవలు తగ్గిపోయి, గుమ్మాలు మంచాలు చేసుకుంటున్నాడు. పిల్లికి మేడ అనేసరికి ముందు నవ్వాడు, తర్వాత నెత్తి గోక్కున్నాడు, తర్వాత కొలతలడిగాడు.

మూడు నెలలు వెనక వసారాలో ఇద్దరూ కలిసి చేశారు. పనస చెక్క తెచ్చారు. కొబ్బరితాడు అంబాజీపేట నుంచి అట్టపెట్టెలో వచ్చింది. గుంజకి తాడు చుట్టింది భాస్కరమే. ఒక్క వరస వదులైతే మొత్తం విప్పి మళ్ళీ చుట్టేవాడు. నిజం చెప్పాలంటే ఆ మూడు నెలలూ ఇల్లు హాయిగా ఉంది. “ఇప్పుడేం చేస్తున్నావు?” అన్న మాట వినపడలేదు. సీతారామలక్ష్మి రెండుపూటలా కాఫీ పెట్టి వసారాలోకి పంపించేది. అదే తను చేసిన తప్పని తర్వాత అనుకుంది.

ఆఖర్న చెక్కకి నూనె రాసే దగ్గర చిన్న పేచీ వచ్చింది.

“పడవ చెక్కకి మేం చేప నూనె రాత్తామండి. చెదా చేరదు, తడీ పట్టదండి. పిల్లంటారా, ఆ వాసనకి పిలవకుండానే ఎక్కేద్దండి,” అన్నాడు యెహెజ్కేలు.

“చేప నూనా? మా ఇంట్లోనా? గోడకవతల దేవుడి గది ఉందయ్యా,” అన్నాడు భాస్కరం.

“మరైతే మీ ఇట్టవండి,” అని ఊరుకున్నాడు యెహెజ్కేలు.

భాస్కరం వేపనూనెలో కర్పూరం కలిపి రాశాడు. ఒక్కసారి కాదు, ప్రతి ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, పాత పంచె గుడ్డతో, పై నుంచి కింది దాకా. లేకపోతే చెద పడుతుందట. ఇల్లంతా చేదువాసన. పిల్లలు ముక్కు మూసుకుని ‘కా, కే, కీ’లు వల్లించేవాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళ ముక్కులకీ, ఆవిడ ముక్కుకీ కూడా అలవాటైపోయి ఆ వాసన సంగతే మరిచిపోయారు.

పిల్లి మాత్రం రాలేదు. భాస్కరం దాన్ని ఎత్తుకెళ్ళి పై అంతస్తులో కూర్చోబెడితే, ఆయన చెయ్యి తీసేలోపల దూకేది. పాలగిన్నె పెడితే పాలు వదులుకుంది. మధ్యాహ్నం వెనకవీధి పెద్దింట్లమ్మ ఇంటికి వెళ్ళి చేపల పులుసు తినొచ్చి టీవీ మీద పడుకునేది. టీవీ వేడెక్కువైతే పిల్లల పుస్తకాల సంచుల మీద. మరీ సరదా పుడితే కొబ్బరితాడు వచ్చిన ఖాళీ అట్టపెట్టెలో. అంత మేడ కట్టిస్తే ఆ పెట్టె నచ్చింది దొరగారికి.

“వారం రోజుల్లో అలవాటు పడతాడు,” అన్నాడు భాస్కరం. అది కార్తీకమాసంలో. పుష్యమాసంలోనూ అదే మాట. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మేడ చూపించి, గుంజ మీద చెయ్యేసి, తాడు ఎన్ని చుట్లో చెప్పేవాడు. వాళ్ళు “మరి పిల్లెక్కడండీ?” అనేవాళ్ళు. సీతారామలక్ష్మి వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేది.

“వెనక వసారాలో పెట్టుకోండి, నేనేమీ అనను,” అని ఎన్నిసార్లు చెప్పిందో. ససేమిరా. వసారాలో వానజల్లు కొడుతుందట. కిటికీ దగ్గరైతేనే పిల్లులకి ఇష్టమని టీవీలో చెప్పారట. టీవీలో చెప్పింది ఈయన విన్నాడు గాని టీవీ మీద పడుకున్నవాడు వినలేదు.

ఇలా ఉండగా జూన్‌లో బడులు తెరిచారు. ఆగస్టు పరీక్షలకి పిల్లలు పెరిగి పద్నాలుగు మందయ్యారు. మోకాళ్ళు మోకాళ్ళకి తగులుతున్నాయి. ఒక పిల్ల చోటు చాలక మేడ కింది గూట్లో తల వంచుకుని దూరి కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. ఆ శనివారం సాయంత్రం భీమరాజు అనే రైతు మోపెడ్ మీద ఇద్దరు కూతుళ్ళని ఎక్కించుకుని పక్క ఊరి నుంచి వచ్చాడు.

“మేడమ్ గారండీ, మీ పేరు చెప్పారండి మా ఊళ్ళో. ఈళ్ళిద్దర్నీ ప్రాథమికలో కూర్చోబెట్టుకోండి,” అన్నాడు గుమ్మంలోనే నిలబడి. లోపల నిలబడటానికి చోటేది?

సీతారామలక్ష్మి గది నాలుగు పక్కలా చూసింది. పిల్లలు కూడా సర్దుకుందామని చూశారు. సర్దుకోవడానికేమీ మిగల్లేదు.

“ఫిబ్రవరి పరీక్షలకి తీసుకురండి. ఇప్పుడు చోటు లేదండీ,” అంది. అంటుంటే ఆవిడకే సిగ్గేసింది.

“అక్కడుందిగా చోటు,” అంది చిన్నపిల్ల, మేడకేసి చెయ్యి చూపించి.

“తప్పమ్మా,” అన్నాడు భీమరాజు. అన్నాడు గాని ఆయన కూడా అటే చూశాడు. “అదేంటండీ మేడమ్ గారండీ, ఏదైనా మందిరమాండి?”

“పిల్లి మేడ.”

“పిల్లేదండి?”

“లోపల టీవీ మీద.”

భీమరాజు పెద్దమనిషి. “ఆయ్, అలాగేనండి, ఫిబ్రవరికే తీసుకొత్తానండి,” అని పిల్లల్ని మళ్ళీ మోపెడ్ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. పిల్లల్ని ఆవిడ వదిలి వెళ్ళిన ఊళ్ళు చాలా ఉన్నాయి. గుమ్మంలోకి వచ్చిన పిల్లల్ని తిప్పి పంపడం మాత్రం అదే మొదలు. అదీ ఖాళీగా ఉన్న గూళ్ళని ఎదురుగా పెట్టుకుని.

పిల్లలు వెళ్ళాక భాస్కరం దగ్గరికి వచ్చి నిలబడింది. ఆయన పేపరు చదువుతున్నాడు. పొద్దున్న చదివిందే.

“రేపు యెహెజ్కేలుని రమ్మని కబురు పెడుతున్నాను. ఆ మేడ తీసుకుపోమంటాను. పొయ్యిలో పెట్టుకుంటాడో, ఏం చేసుకుంటాడో ఆయనిష్టం.”

“ఒక్క వారం ఆగు సీతా. నిన్న వచ్చి వాసన చూశాడు,” అన్నాడు భాస్కరం.

“ఏడు నెలల నుంచి వాసనే చూస్తున్నాడు.”

ఆయన పేపరు మడిచి, మళ్ళీ విప్పాడు. ఇంక మాట్లాడలేదు. మాట్లాడకపోతే అవతలివాళ్ళే తగ్గుతారని ఆయనకి ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో బాగా తెలుసు. ఈసారి తగ్గేది లేదని ఆవిడా గట్టిగా అనుకుంది.

మర్నాడు ఆదివారం. తొమ్మిదింటికి యెహెజ్కేలు రిక్షాబండి వేసుకుని వచ్చేసరికి, భాస్కరం నిమ్మకు నీరెత్తినట్టు మేడ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, గుడ్డ వేపనూనెలో ముంచి రెండో అంతస్తుకి రాస్తున్నాడు. తీసేస్తానని చెప్పిన వస్తువుకి నూనె పట్టిస్తున్నాడు. సీతారామలక్ష్మికి చిర్రెత్తుకొచ్చింది. ఏదో అనబోయింది. ఈలోగా యెహెజ్కేలే అన్నాడు.

“ఇంకా ఈ వేపనూనే రాత్తన్నారాండి అయ్యగారండీ? శివరాత్రప్పుడే చెప్పేను గదండి. రెండు నెలలు మానేత్తే వాసన పోద్ది, పిల్లి దానంతటదే ఎక్కుద్దని.”

భాస్కరం చెయ్యి ఆగింది. మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

“శివరాత్రికి ఈయన మీ దగ్గరికి వచ్చారా?” అని అడిగింది సీతారామలక్ష్మి.

“ఆయ్, వచ్చేరండి. పిల్లెందుకు ఎక్కట్లేదో చెప్పమన్నారండి. ఈ చేదుకంపు పిల్లికి పడదండి అని చెప్పేనండి. ఓహో అన్నారండి.” అంటూనే యెహెజ్కేలుకి తను అనకూడనిదేదో అన్నట్టు అర్థమైంది. రిక్షా తాడు సరిచూసే వంకతో వీధరుగు మీదికి నడిచాడు.

సీతారామలక్ష్మి భర్తకి ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుంది. శివరాత్రి దాటి మూడు నెలలు. మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఈ మనిషి, తెలిసి తెలిసి, పిల్లి రాకుండా నూనె రాస్తున్నాడు. ఈ ఇంట్లో పిచ్చిదాన్ని నేనొక్కదాన్నేనా అనిపించింది.

“మీకు తెలుసన్నమాట.”

“తెలుసు.”

“తెలిసి ఎందుకు రాస్తున్నారు?”

భాస్కరం గుడ్డ పిండి నూనెగిన్నె అంచు మీద ఆరేశాడు. “మానేస్తే పిల్లి ఎక్కుతుంది. ఎక్కిందంటే ఇంక దీంతో పని లేనట్టేగా. సోమవారం నుంచి ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాను. ఆ ఆదివారమూ లేకపోతే, రేపట్నుంచి నేనేం చెయ్యను సీతా?”

ఆ మాటకి ఆవిడకి ఒక్క క్షణం జాలేసింది. ఒక్క క్షణమే. ఆ వెనకే, ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్ళూ, కోపం తన్నుకొచ్చింది. అది మేడ మీద కోపం కాదు.

“తణుకులో ఇరవై మంది పిల్లలు,” అంది. గొంతు పెంచలేదు. “మండపేటలో పదకొండు మంది. అమలాపురంలో పరీక్ష మూడు వారాలుంది. రావులపాలెంలో అప్పుడే రాష్ట్రభాష దాటి ప్రవేశిక పరీక్షకి మొదటి పిల్ల తయారవుతోంది. నిడదవోలు సరేసరి. అయిదుసార్లు బోర్డు దించుకున్నానండీ. దించి మీ వెనకాల లారీ ఎక్కాను. ఒక్కసారి, అయిదింట్లో ఏ ఒక్కసారైనా, రేపట్నుంచి నువ్వేం చేస్తావు సీతా అని నన్ను అడిగారా?”

వీధిలో యెహెజ్కేలు దగ్గు వినిపించింది.

“అడగలేదు,” అన్నాడు భాస్కరం.

“ఎందుకని?”

“తోచలేదు.”

ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్న ప్రశ్నకి జవాబు ఒక్క ముక్క. ఇంకాస్త పెద్ద జవాబు వస్తే పోట్లాడటానికైనా బాగుండేది. ఆవిడకి ఏడుపొచ్చింది, ఏడిస్తే ఆయన మీద జాలి పడినట్టవుతుందని ఏడవలేదు.

భాస్కరం లేచాడు. మోకాళ్ళు పట్టేసి గుంజ పట్టుకుని లేచాడు. “యెహెజ్కేలూ, ఇటొచ్చి ఓ చెయ్యి పట్టు,” అని పిలిచాడు.

“రిక్షా మీదికేనాండి?”

ఆయన భార్యకేసి చూశాడు. ఆవిడ తలతిప్పుకుని, “వెనక వసారాలో పెట్టండి,” అంది. “జల్లు కొడితే పట్టా కట్టుకోవచ్చు. నూనె రాసుకుంటారో మానేస్తారో మీ ఇష్టం. ముందుగదిలోకి మాత్రం తేవడానికి వీల్లేదు.”

ఇద్దరూ కలిసి మేడని పక్కకి వాల్చి, గుమ్మాలకి తగలకుండా మోసుకెళ్ళారు. దాని కింద గచ్చు చదరంగా, ఎర్రగా, కొత్తగా ఉంది. ఆవిడ తుడిచి, చాప తెచ్చి అక్కడ పరిచింది. ఆదివారం క్లాసు లేదు. అయినా పరిచి, తనే దాని మీద కూర్చుని చూసింది. కిటికీలోంచి గాలి బాగా వస్తోంది.

యెహెజ్కేలు వెళ్ళిపోయాక భాస్కరం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులకి నూనె అలాగే ఉంది. లోపలికి రావాలా వద్దా అన్నట్టు చాప అంచు దాకా వచ్చి ఆగాడు.

“మరి నన్నేం చెయ్యమంటావు?” అన్నాడు.

“నాకేం తెలుసు? నాకు మాత్రం ఎవరైనా చెప్పారా? ప్రతి ఊళ్ళోనూ నేనే వెతుక్కున్నాను. మీరూ వెతుక్కోండి.”

ఆయన తలూపాడు. వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. చాప అంచున, మధ్యమ పిల్లలు కూర్చునే చోట, నెమ్మదిగా చతికిలపడ్డాడు.

“తణుకులో ఇరవై మంది పిల్లలన్నావు కదా,” అన్నాడు. “కొత్త ఊరు, ఎవరూ తెలీదు. మొదటి పిల్లలెలా దొరికారు నీకు?”

ఆ సంగతి ఆయన అడగడం అదే మొదటిసారి. సీతారామలక్ష్మికి కోపం తగ్గలేదు. మొహం కిటికీ వైపుకి తిప్పుకుని, ఆ మొహం ఇటు తిప్పకుండానే, చెప్పడం మొదలుపెట్టింది.